గోడపత్రికలో నా చెయ్యి

ఎనభైల చివర్లో ఒక వానాకాలం, ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు మీడియం బడి పిల్లలకు నేను గోడపత్రిక నేర్పాను. నేర్పాను అని ఆ రోజుల్లో అందరితో అనేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే ఆ క్రియ దగ్గర కలం ఆగుతోంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. అక్కడ ఏ క్రియ వాడాలో చదివేవాళ్ళు చూసుకోవచ్చు.

మాది బజారులో దుకాణం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్ళకు చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ అమ్ముతూ అక్కడే నిలదొక్కుకున్నాడు. నాకు తక్కెడ మీద కంటే అక్షరం మీద ధ్యాస. విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో నాలుగేళ్ళు సబ్ ఎడిటరుగా పనిచేసి, ఇంటి అవసరం కొద్దీ వెనక్కి వచ్చాను. పగలు దుకాణం, తీరిక దొరికినప్పుడు అదే పత్రికకు వార్తలు. నేను రాసిన వార్త అక్కడ అచ్చై, రైలెక్కి, మర్నాటికి మా ఊరు చేరేది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే రైల్వే కాలనీని మేం ట్రాఫిక్ అనేవాళ్ళం. ట్రాఫిక్‌లో చిన్నా పెద్దా నన్ను పేపరు బాబు అని పిలిచేవారు. ఆ పిలుపు వింటే నాకు లోపల బాగుండేది.

ఆ ఏడు మా ఊరి తెలుగు సంఘం, తెలుగు చెప్పే బడులన్నిటికీ గోడపత్రిక పోటీ పెట్టింది. ఒక్కో బడి నుంచి నలుగురు పిల్లలు, నాలుగు చార్టులు. గెలిచిన పత్రికను సంఘం చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తుంది, రాసిన పిల్లల పేర్లతో. నియమాల కాగితంలో ఒక వాక్యం ఇలా ఉంది: రచన, బొమ్మలు, చేతిరాత పూర్తిగా విద్యార్థులవే అయి ఉండాలి. పెద్దలు సలహా మాత్రం ఇవ్వవచ్చు.

ఆ కాగితం పట్టుకుని బడిలో తెలుగు మాస్టారు దుకాణానికి వచ్చారు.

"పేపరు బాబూ, మీరొక చెయ్యి వెయ్యాలండి," అన్నారు. "మావాళ్ళు రాయగలరు గాని పత్రికంటే ఏటో వాళ్ళకేం తెలుసు? పోయినసారి వ్యాసాల పోటీలో అందరికంటే అడుగున నిలబడ్డాం. హెడ్మాస్టరు గారి మొహం చూళ్ళేకపోయాను."

వేస్తానన్నాను. ఒక్క చెయ్యే కదా అనుకున్నాను.

నలుగురూ తొమ్మిదో తరగతివాళ్ళు. జట్టుకు లీడరు ఒక పొడుగాటి కుర్రాడు, మాటకారి. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. బొమ్మలు వేసే కుర్రాడు అడిగితేనే నోరు తెరిచేవాడు. చక్కని చేతిరాత ఉన్న అమ్మాయి ఒకతె. అందరూ రాసినదాన్ని చార్టు మీదికి ఎక్కించే పని ఆమెది. నాలుగో పిల్ల గూడ్స్ డ్రైవరు గారి అమ్మాయి. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ పిల్ల సంగతి.

బడి వదిలాక గంటసేపు డ్రాయింగు గదిలో కూర్చునేవాళ్ళం. మొదటి వారం బాగానే నడిచింది. వార్త అంటే ఏమిటో, శీర్షిక ఎలా పెడతారో చెప్పాను. మీకు బాగా తెలిసిన విషయం ఒకటి రాసుకురండి అన్నాను. రాసుకొచ్చారు. లీడరు, కాలనీ కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళ తగువు గురించి రాశాడు. డ్రైవరు గారి అమ్మాయి కాగితానికి శీర్షిక కూడా లేదు. నాకు గుర్తున్నంతలో అది ఇలా మొదలైంది:

"మొన్న వానలకి వంతెన కాడ మట్టి జారిపోనాది. మా నాన్నకి కాషన్ ఇచ్చినారు. పది స్పీడు. నాన్న ఇంజనులోంచి తల బైటకి పెట్టి, సక్రాల సప్పుడు ఇనుకుంటా ఒచ్చినాడు. ఎనకాల బియ్యం బండి. ఆ బియ్యమే మన రేషన్ కొట్టుకి ఒచ్చినాయి."

కాషన్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పాలి. ముందు ఎక్కడైనా లైను బలహీనంగా ఉంటే, ఆ చోటుకి ముందున్న స్టేషనులో డ్రైవరు చేతికి ఒక కాగితం ఇస్తారు. ఫలానా చోట ఇంత వేగం దాటవద్దని అందులో ఉంటుంది. అది కాషన్ ఆర్డరు. ఆ దారిన పోయే ప్రతి బండికీ ఇస్తారు. అందులో డ్రైవరు తప్పేమీ లేదు. ఇది ట్రాఫిక్‌లో పలక పట్టిన పిల్లలకు కూడా తెలుసు. బజారువాణ్ణి, నాకు తెలియదు. రైల్వే మాటలు రోజూ చెవిని పడుతూనే ఉండేవి. ఎవర్నీ అర్థం అడిగిన పాపాన పోలేదు.

డెస్కులో చేరిన మొదటి రోజే నాకు నేర్పిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషు మాట కనిపిస్తే తెలుగు చెయ్యి. ఎర్ర పెన్ను తీశాను. కాషన్ అంటే హెచ్చరిక. ఇచ్చినారు అంటే జారీ చేశారు. ఆ పిల్ల రాసిన అయిదారు వాక్యాలు నా చేతిలో ఇలా తయారయ్యాయి: "ఇటీవలి భారీ వర్షాలకు వంతెన సమీపంలో మట్టి కోతకు గురైంది. ఈ నేపథ్యంలో అధికారులు మా నాన్నగారికి హెచ్చరిక జారీ చేశారు. దాంతో ఆయన రైలును అత్యంత జాగ్రత్తగా నడిపారు."

రైల్వేలో హెచ్చరిక అంటే వార్నింగు. తప్పు చేసిన ఉద్యోగికి పై అధికారి కాగితం మీద ఇచ్చేది. అది సర్వీసు పుస్తకంలో మచ్చగా ఉండిపోతుంది. ఇదీ నాకు తెలియదు.

ఆ పిల్ల కాగితం అందుకుని చదువుకుంది. వెళ్ళి కూర్చోలేదు.

"సార్, హెచ్చరిక కాదండి. కాషన్."

"అదే అమ్మా. కాషన్‌కి తెలుగు హెచ్చరికే."

"మా ఇంట్లో అలాగనరండి."

"ఇంట్లో అనేది వేరు, పత్రికలో రాసేది వేరు."

ఇంకా నిలబడే ఉంది. "మరి సక్రాల సప్పుడో?"

"అది వార్త కాదమ్మా. వార్తలో అక్కర్లేనివి ఉండకూడదు."

"ఊరుకోవే," అన్నాడు లీడరు వెనక నుంచి. "సార్‌కి తెల్దేటి? పేపర్లో రాస్తారు. నువ్వు సెప్పొచ్చినావు పెద్ద!"

పిల్ల కూర్చుంది. నేను లీడరు మాటకి నవ్వాను కూడా. అదీ గుర్తుంది.

రెండో వారం నుంచి పని వేగం అందుకుంది. వేగం నాది. సాయంత్రం పిల్లల కాగితాలు దుకాణానికి తెచ్చుకుని, గిరాకీ లేనప్పుడు తిరగరాసేవాణ్ణి. మొదట్లో మాటలు దిద్దాను. తర్వాత వాక్యాలు. ఆ తర్వాత వాళ్ళ కాగితం పక్కన పెట్టేసి కొత్త కాగితం మీద మొదటి నుంచీ రాశాను. అది సులువు, త్వరగా తెమిలేది. లీడరు రాసిన కుళాయి తగువు తీసేసి, అతని పేరుతో నీటి ఎద్దడి మీద సంపాదకీయం రాశాను. అందులో యంత్రాంగం, నిర్లిప్తత లాంటి మాటలు పడ్డాయి. లీడరు దాన్ని రెండుసార్లు చదివి, "చాలా బాగా రాసినాను సార్," అన్నాడు. అందరం నవ్వాం. బొమ్మల కుర్రాడికి ఎక్కడ ఏ బొమ్మ రావాలో చెప్పేవాణ్ణి. తర్వాత పెన్సిలు తీసుకుని గీసి చూపించాను. తర్వాత అతను ఆ గీత మీదే రంగు నింపాడు.

మూడో వారానికి పిల్లలు ఏమీ తేవడం మానేశారు. వచ్చి, చేతులు బల్ల మీద పెట్టుకుని, నా వంక చూసేవారు. "ఏటి రాయమంటారు సార్?" అని అడిగేవారు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

వాన చెమ్మకు ఒక చార్టు పాడైతే, లీడరూ నేనూ సైకిళ్ళ మీద ప్రేమ్ బజార్ వెళ్ళాం. ఇంజనీరింగు కాలేజీ గేటు దగ్గర కొట్లు కాబట్టి అక్కడ మందపాటి చార్టులు దొరికేవి. బెంగాలీ కొట్టాయన చార్టులు చుడుతూ, "కీ దాదా, ఛేలేర్ ప్రాజెక్టు?" అని అడిగాడు. మీ అబ్బాయి ప్రాజెక్టా అని. నాకింకా పెళ్ళే కాలేదన్నాను. "తాహోలే నిజేర్," అన్నాడు. అయితే మీదే అన్నమాట! లీడరు పగలబడి నవ్వాడు. దారి పొడుగునా, లెవెల్ క్రాసింగు దగ్గర ఆగినప్పుడు కూడా, "నిజేర్, సార్! నిజేర్!" అంటూనే ఉన్నాడు. ఇంక చాల్లేరా అన్నాను, కాస్త గట్టిగానే.

పోటీకి రెండు రోజుల ముందు రిహార్సలు పెట్టాను. జడ్జీలు వచ్చి, ఇదంతా ఎవరు రాశారు అని అడిగితే ఏం చెప్పాలి? "మేమే రాశామండి. సార్ సలహా ఇచ్చారండి." నలుగురి చేతా నాలుగైదుసార్లు అనిపించాను. మూడు గొంతులే వినిపించాయి. డ్రైవరు గారి అమ్మాయి పెదవులు కదల్లేదు. విలేకరిగా ఇలాంటివి నా కన్ను దాటిపోవు. చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున సంఘం హాల్లో పోటీ. గోడల వెంట బోర్డులు నిలబెట్టి, బడికొకటి చొప్పున పత్రికలు అంటించారు. అందరివాటిలోకీ మాది వేరుగా కనిపిస్తోంది. శీర్షికలు, కాలమ్‌లు, గళ్ళు, అచ్చం దినపత్రికలా ఉంది. పక్క బడి పిల్లలు వచ్చి చూసి, తమ బోర్డు దగ్గరికి వెళ్ళి మెల్లగా మాట్లాడుకోవడం గమనించాను. ఈ పోటీ వార్త నేనే రాసి పంపాలి. మొదటి వాక్యం మనసులో సిద్ధంగా ఉంది కూడా.

గుమ్మంలో డ్రైవరు గారు ఎదురయ్యారు. తెల్ల బుష్‌షర్టు ఇస్త్రీ చేసి వేసుకున్నారు. వెంట ఇద్దరు తోటి డ్రైవర్లు.

"పేపరు బాబూ! మా పిల్ల నా గురించి రాసిందంట గదా? ఇంట్లో సూపించనే నేదు. అక్కడికే ఒచ్చి సూడు నాన్నా అంది." నవ్వుతూ నా చెయ్యి పట్టుకున్నారు. "మంచి టైములో రాసింది. ఒచ్చే నెల్లో నాకు పాసింజరు బండికి సెలెక్షను. ఇన్నేళ్ళూ గూడ్సు లాగినాను. బుక్కులో ఒక్క మచ్చ నేదు బాబూ. మా ఇన్స్‌పెక్టరు గారు కూడా ఒచ్చినారు, అదిగో ముందు కుర్చీలో. ఆయన రిపోర్టు మీదే ఉంది అంతా."

ఇన్స్‌పెక్టరు గారు మా తెలుగాయనే. సంఘంలో కమిటీ సభ్యుడు.

డ్రైవరు గారు చార్టు ముందు నిలబడి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. వేలు మెల్లగా కదిలింది. ఒకచోట ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగింది. వెనక ఇద్దరూ ఆయన భుజాల మీదుగా చదువుతున్నారు.

"ఏటి గురూ, వార్నింగు పడిందా?" అన్నాడొకాయన. "మాతోటి మాట మాత్రం అననేదే!"

"పో, నీది మరీను," అన్నారు డ్రైవరు గారు.

"నాదేటి? నీ కూతురే రాసింది, గోడ మీద. అధికారులు హెచ్చరిక జారీ సేసినారంట. సొంత పిల్ల అబద్ధం రాస్తాదేటి?"

రెండో ఆయన నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు. ఇన్స్‌పెక్టరు గారు లేచి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఊఁ," అన్నారు. వెళ్ళి కూర్చున్నారు. డ్రైవరు గారి మెడ మీద చెమట పట్టింది. ఆయన కూతురి వంక చూశారు. ఆ పిల్ల బోర్డు పక్కన నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది.

నేను రెండో డ్రైవరును పక్కకు పిలిచి అడిగాను, హెచ్చరికంటే ఏమిటండీ అని.

"అదేటి బాబూ, వార్నింగు కాదా? తప్పు సేస్తే పడీది. సెలెక్షను ముందు పడితే ఇంకేటుంది?"

"వంతెన దగ్గర మెల్లగా వెళ్ళమని ఇచ్చేదో?"

"అది కాషన్ బాబూ. అది వేరే."

జడ్జీలు ఇంకా రెండు బోర్డుల అవతల ఉన్నారు. అప్పుడే వెళ్ళి డ్రైవరు గారితో, ఇన్స్‌పెక్టరు గారితో, ఆ మాట నాది, పొరపాటు నాది అని చెప్పి ఉండొచ్చు. చెబితే, రాసింది నేనని హాలంతా తెలుస్తుంది. పత్రిక పోటీలోంచి పోతుంది. ముందు జడ్జీలు చూసి వెళ్ళనీ, తర్వాత డ్రైవరు గారికి విడిగా చెబుదాం అనుకున్నాను. దినపత్రికలో మేం చేసేది అదే. తప్పు మొదటి పేజీలో పడుతుంది, సవరణ మర్నాడు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వస్తుంది.

జడ్జీల్లో పెద్దాయన బరంపురం నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు. మా బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"భాష చాలా బాగుంది. పెద్దవాళ్ళు రాసినట్టే ఉంది," అన్నారు. సంపాదకీయం కింద పేరు చూసి, "ఎవరు బాబూ, నువ్వేనా? నిర్లిప్తత అన్నావు ఇక్కడ. అంటే ఏమిటి?"

లీడరు నా వైపు చూడబోయి ఆపుకున్నాడు. "నీళ్ళు సరిగ్గా రాకపోవడమండి," అన్నాడు.

జనం గొల్లుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత పక్క కాలమ్ చదివి, డ్రైవరు గారి అమ్మాయిని పిలిచారు. ఆయన రైల్వే మనిషి కాదు. ఆ ప్రశ్న వెనక ఏ ఉద్దేశమూ లేదు.

"అమ్మా, మీ నాన్నగారిని అధికారులు ఎందుకు హెచ్చరించారు? బండి వేగంగా నడిపారా?"

హాల్లో సగం మంది రైల్వేవాళ్ళు. ముందు వరసలో ఇన్స్‌పెక్టరు గారు తల తిప్పారు. డ్రైవరు గారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, పై అధికారి ముందు నిలబడ్డట్టు.

ఆ పిల్ల ముందు రెండే దారులున్నాయి. నాన్నను ఎవరూ హెచ్చరించలేదంటే, రాసింది తను కాదని ఒప్పుకోవాలి. బడి పోటీలోంచి పోతుంది. నెల రోజుల పని, మిగతా ముగ్గురి పేర్లు, అచ్చయ్యే పుస్తకం, అన్నీ పోతాయి. ఊరుకుంటే నాన్న బుక్కు మీద లేని మచ్చ ఇంతమంది ఎదుట పడిపోతుంది, అదీ సొంత కూతురి పేరుతో. పధ్నాలుగేళ్ళ పిల్ల. నన్ను చూసింది. అంతసేపు, అంత సూటిగా నన్ను చూడటం అదే మొదలు.

నేను కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాను. అద్దాల మీద ఏమీ లేదు.

"ఎవ్వరూ హెచ్చరించనేదండి," అంది ఆ పిల్ల.

"మరి ఇక్కడ రాశావు కదమ్మా?"

ఆ పిల్ల పక్కకి తిరిగింది. చేతిరాత అమ్మాయి చేతిలో పెన్ను ఉంటే లాక్కుంది. "ఒసే, సార్టు పాడైపోద్దే!" అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకుని, హెచ్చరిక జారీ చేశారు అన్న మూడు మాటల మీదా అడ్డంగా గీత కొట్టింది. పైన తన రాతలో, కొంచెం వంకరగా, కాషన్ ఇచ్చినారు అని రాసింది. పెన్ను తిరిగి ఇచ్చేసింది.

"రాసిన మాట కొట్టేశావేం?" అన్నారు పెద్దాయన.

"అది నేను రాసింది కాదండి."

"ఎవరు రాశారు?"

పిల్ల అప్పుడు కూడా నా పేరు చెప్పలేదు. లీడరుకి ఏం తోచిందో, "మేమే రాశామండి, సార్ సలహా ఇచ్చారండి," అని అందుకున్నాడు. రిహార్సలులో అన్నట్టే, అదే రాగంలో. సగంలో అతని గొంతు పడిపోయింది.

"నేను రాశానండి," అన్నాను.

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఆ మాటా?"

"ఆ మాట. మిగతావి కూడా చాలా వరకు నావే."

ఆయన నియమాల కాగితం తీసి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, సంఘం కార్యదర్శికి చూపించారు. కార్యదర్శి మొహమాటపడుతూ ఒక చీటీ రాసి మా బోర్డుకి గుండుసూదితో గుచ్చాడు: పోటీలో లేదు. చేతిరాత అమ్మాయి గోడవైపు తిరిగి ఏడ్చింది. బొమ్మల కుర్రాడు రంగులు, కుంచెలు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. తెలుగు మాస్టారు నా వంక చూడకుండా, బోర్డు కింద పడిన కాగితం ముక్కలు ఏరుతూ కూర్చున్నారు.

ఇన్స్‌పెక్టరు గారు మళ్ళీ లేచి వచ్చి, కొట్టివేత పైనున్న వంకర అక్షరాలు చదివారు. "కాషనా! అలా సెప్పండి మరి. ఆ వంతెన కాడ మొన్న అందరికీ ఇచ్చినారు," అన్నారు, అందరికీ వినపడేలా. డ్రైవరు గారి చేతులు అప్పటికి గాని వెనక నుంచి ముందుకు రాలేదు.

నేను వరండాలోకి వచ్చేశాను. కాసేపటికి ఆయనే వెతుక్కుంటూ వచ్చారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"బాబూ, కాషన్ కాగితం ఎప్పుడైనా సూసినారా?"

"లేదండి."

"అది సేతికిచ్చినప్పుడు మేం సంతకం పెట్టి తీసుకుంటాం. సదవకుండా ఎవుడూ పెట్టడు. అర్థం కాకపోతే స్టేషను మాస్టర్ని అడుగుతాం. బండి ఆగినా ఫర్వానేదు." ఆయన గొంతు పెంచలేదు. "మా పిల్ల మీతో సెప్పిందంట గదా, మాట తప్పని? అడిగితే పోయీదేటి?"

లీడరు మెట్ల దగ్గర నిలబడి వింటున్నాడు. ఆయన వెళ్ళాక దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒప్పుకునీది ఎలాగూ ఒప్పుకున్నారు. ముందే ఒప్పుకుంటే అది ఆ గీత కొట్టక్కర్లేకపోను. ఇప్పుడు మా క్లాసంతా దాన్నే అంటాది, ఓడించీసిందని."

అలాగే జరిగింది. రెండు మూడు వారాలు జట్టులో ఎవరూ ఆ పిల్లతో మాట్లాడలేదు. చేతిరాత అమ్మాయి బెంచీ కూడా మార్చుకుందట. నేను బడికి వెళ్ళి, క్లాసులో నిలబడి, తప్పు నాదని చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే, ఇదంతా మాకు తెలుసు, కానీ చార్టు మీద గీత కొట్టింది మీరు కాదు కదా అన్నట్టుంది. సోమవారం ఇన్స్‌పెక్టరు గారి ఆఫీసుకు కూడా వెళ్ళాను. నేను మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపారు. "నాకెందుకు సెప్తారండి? ఆ పిల్ల సెప్పేసింది గదా," అన్నారు. పోటీ వార్త మూడు వాక్యాల్లో రాసి పంపాను. గెలిచిన బడి పేరు, జడ్జీల పేర్లు. మా బడి సంగతి రాయలేదు.

డ్రైవరు గారికి పాసింజరు సెలెక్షను వచ్చింది, రావలసిన వరసలోనే. కానీ తోటివాళ్ళు ఆయన్ని చాన్నాళ్ళు హెచ్చరిక అని పిలిచారు. "ఏటి హెచ్చరికా, ఈరోజు ఏ బండి?" అనేవారు. ఆయన నవ్వేవారు. ఆ మాట నా దుకాణం ముందు వినిపించినప్పుడల్లా నేను పద్దుపుస్తకంలోకి తల వంచుకునేవాణ్ణి.

వానలు తగ్గాక ఒక పొద్దున ఆ పిల్ల వాళ్ళమ్మతో దుకాణానికి వచ్చింది. చింతపండు తూస్తూ, చాలా రోజులుగా అనుకుంటున్న మాట అడిగాను.

"అమ్మా, నువ్వు రాసింది మళ్ళీ రాసివ్వు. మా పత్రికలో పిల్లల పేజీ ఉంది. దానికి పంపుతాను. నీ పేరుతోనే వస్తుంది."

వాళ్ళమ్మ మొహం వెలిగింది. పిల్ల మొహంలో ఏమీ కనిపించలేదు.

"మీరు దిద్దుతారాండి?"

"నేను ఒక్క అక్షరం ముట్టను."

"మరి అక్కడో?"

అబద్ధం చెప్పడం సులువే. విశాఖపట్నం డెస్కు కళ్ళ ముందు మెదిలింది. అక్కడ నా తర్వాత చేరిన కుర్రాళ్ళకు ఇంగ్లీషు మాట కనిపిస్తే తెలుగు చెయ్యమని చెప్పింది నేనే.

"అక్కడ దిద్దుతారమ్మా."

"కాషన్ ఉంచుతారాండి?"

"ఉంచరనుకుంటా."

"సక్రాల సప్పుడు?"

నేను పొట్లానికి దారం చుడుతున్నాను. "అదీ ఉంచరు," అన్నాను.

"అయితే ఒద్దండి."

"అదేటే!" అంది వాళ్ళమ్మ. "పేపర్లో ఏయిస్తానంటే ఒద్దంటావు? బుద్దుందా నీకు? సార్, దాని మాటలకేటి గాని..."

"నాన్న పదకొండింటికి డ్యూటీకెల్లాల గదా అమ్మా. పులుసు పెట్టాలన్నావు," అంది ఆ పిల్ల. పొట్లం నా చేతిలోంచి తీసుకుని, వాళ్ళమ్మ కంటే ముందే మెట్లు దిగింది.